ప్రభుత్వము మారినప్పుడు ఏది నిలుచును? – ఉద్యోగ భద్రత, నిరుద్యోగ భృతులను గూర్చి

పాఠశాల నుండి దాఖలాపత్రము తీసికొనుటకు వచ్చిన ఒక తండ్రి మమ్ము ఒక ప్రశ్న అడిగెను. ఆయన కుమారుడు మన పాఠశాలలో తెలుగున చదువుకొని, పిమ్మట పన్నెండవ తరగతి ముగించినవాడు. ఒక కార్యాలయమున ఆరు నెలలు పని చేసినచో నెలకు 6000 రూపాయలు వచ్చునని ఆ బాలునకు తెలిసినదట. “సారూ, ఇది నౌకరియేనా? పిల్లగాని పై చదువు ఆపి పంపమంటరా?” అని ఆయన అడిగెను. మేము వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. కాగితములు చూచి చెప్పెదమని ఆయనను కూర్చుండబెట్టితిమి.

ఆ ప్రశ్న ఆయన యొక్కనిది కాదు. ఏటపల్లి, అహేరి, సిరొంచ ప్రాంతములలోని తెలుగు కుటుంబములన్నిటిలోను ఇట్టి ప్రశ్న ఉన్నది. మన చుట్టములు సగము మంది ప్రాణహిత, గోదావరి నదుల కావల ఉన్నారు. అక్కడి ప్రభుత్వము ఒక భృతిని ప్రకటించినచో ఆ వార్త పెండ్లి పందిరిలో మనకు తెలియును. ఆ భృతి నిలిచిపోయిన వార్త మాత్రము ఆలస్యముగా చేరును. ఇక్కడి ప్రభుత్వ పథకముల కాగితములు మరాఠీ భాషలో ఉండుటవలన తల్లిదండ్రులలో పలువురకు వాటిలోని గడువులు, షరతులు తెలియుట లేదు. కావున ఈ విషయమును మన భాషలో, మాకు తెలిసినంతవరకు, వివరింపదలచితిమి. ఏ పార్టీని పొగడుటయు, ఏ పార్టీని నిందించుటయు మా ఉద్దేశము కాదు.

నాలుగు మాటలు – నాలుగు అర్థములు

ప్రభుత్వము నుండి చేతికి వచ్చు డబ్బునంతటిని మనవారు “జీతము” అనుచుందురు. ఇది పొరపాటు. జీతము, గౌరవ వేతనము, శిక్షణ కాలపు వేతనము, నిరుద్యోగ భృతి అను నాలుగును వేరువేరు.

జీతము అనునది మంజూరైన పోస్టునకు, నియామక నియమముల ప్రకారము ఎన్నికైన వానికి ఇచ్చునది. అట్టి ప్రభుత్వోద్యోగికి మన రాజ్యాంగములోని 311వ అధికరణము రక్షణ కల్పించుచున్నది. ఆరోపణ ఏమిటో తెలిపి, విచారణ జరిపి, తన వాదమును చెప్పుకొనుటకు తగిన అవకాశమిచ్చినగాని సాధారణముగా అతనిని తొలగింపరాదు. మంత్రులు మారినను ఆ రక్షణ మారదు.

గౌరవ వేతనము సేవకు ఇచ్చు చిన్న మొత్తము. ఆ సేవ ఉద్యోగము కాదని నియామక పత్రములోనే వ్రాసియుందురు. శిక్షణ కాలపు వేతనము ఒక గడువు వరకే వచ్చును. నిరుద్యోగ భృతి పని దొరకనివానికి ఇచ్చు సహాయము. ఈ మూడింటిలో ఏది ఎంతకాలము నిలుచునో తెలియవలెనన్నచో, దాని వెనుక ఎట్టి కాగితమున్నదో చూడవలెను.

కాగితములందు మూడు మెట్లు కలవు. మొదటిది ఎన్నికల వాగ్దానము. దానిని న్యాయస్థానమున అడుగుట కుదరదు. రెండవది ప్రభుత్వ ఉత్తరువు. దీనిని మనము ఇక్కడ జి.ఆర్. అందుము, నది కావలివారు జి.ఓ. అందురు. ఒక ప్రభుత్వము ఒక సంతకముతో ఇచ్చిన ఉత్తరువును మరియొక ప్రభుత్వము ఇంకొక సంతకముతో తీసివేయవచ్చును, లేదా నిధులు కేటాయింపక ఊరకుండవచ్చును. మూడవది శాసనసభయో పార్లమెంటో చేసిన చట్టము. దానిని మార్చవలెనన్న సభలో చర్చ జరిగి, సభ్యులు ఓటు వేయవలెను.

పనిచేయు హక్కును, నిరుద్యోగ కాలమున ప్రభుత్వ సహాయము పొందు హక్కును గూర్చి రాజ్యాంగములోని 41వ అధికరణము చెప్పుచున్నది. కాని అది “ఆర్థిక శక్తికి లోబడి” అని చెప్పు ఆదేశిక సూత్రము. 37వ అధికరణము ప్రకారము అట్టి సూత్రములను న్యాయస్థానముల ద్వారా అమలు పరచుట సాధ్యము కాదు. కావున రాజ్యాంగములో ఉన్నది గదా యని ఊరకుండరాదు. చట్టము ఉన్నదా లేదా అని చూడవలెను.

ఆంధ్రప్రదేశములో జరిగినది

ఇందుకు మంచి ఉదాహరణము ఆంధ్రప్రదేశములోని “ముఖ్యమంత్రి యువనేస్తము” అను పథకము. 2014 ఎన్నికలలో చేసిన వాగ్దానమును అనుసరించి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వము దీనిని 2018 అక్టోబరు 2వ తేదీన ప్రారంభించెను. 22 నుండి 35 సంవత్సరముల లోపు వయస్సు కలిగి, డిగ్రీ గాని డిప్లొమా గాని చదివి, పని లేక ఉన్న పేద కుటుంబముల యువకులకు, యువతులకు నెలకు 1000 రూపాయల చొప్పున ఇచ్చిరి. 2019 ఎన్నికలకు ముందు దానిని 2000 రూపాయలకు పెంచుటకు నిశ్చయించిరి.

2019 మే నెలలో ప్రభుత్వము మారెను. శ్రీ వై. ఎస్. జగన్మోహన రెడ్డి గారి ప్రభుత్వము ఆ భృతిని కొనసాగింపలేదు. పథకమునకు చట్టము లేదు. ఉత్తరువు మాత్రమే ఉండెను. ఆ భృతిని నమ్ముకొని నగరములలో గదులు అద్దెకు తీసికొని పోటీ పరీక్షలకు చదువుచున్న పిల్లలకు ఆ డబ్బు రాకపోయెను. అది వారి తప్పు కాదు. కాని దానిని అడుగుటకు వారికి చట్టబద్ధమైన దారియు లేకపోయెను.

ఆ క్రొత్త ప్రభుత్వము భృతికి బదులు పని కల్పించెదమని చెప్పి, 2019లోనే రెండు విధములైన నియామకములు చేసెను. ఈ రెండింటి భేదమును తల్లిదండ్రులు శ్రద్ధగా గమనింపవలెను.

మొదటివారు వాలంటీర్లు. సుమారు 50 ఇండ్లకు ఒకరి చొప్పున రాష్ట్రమంతటను దాదాపు 2 లక్షల 60 వేల మందిని తీసికొనిరి. వారికి నెలకు 5000 రూపాయల గౌరవ వేతనము. వారు 2019 ఆగస్టు 15వ తేదీన పని ప్రారంభించిరి. రెండవవారు గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు. వీరికి దాదాపు 1 లక్షా 26 వేల పోస్టులు మంజూరు చేసి, వ్రాతపరీక్ష పెట్టి, మార్కుల ననుసరించి ఎన్నుకొనిరి. మొదట తక్కువ జీతముపై పరీక్షాకాలము పెట్టి, 2022లో వారిని స్థిరపరచిరి.

2024 జూన్ నెలలో మరల ప్రభుత్వము మారెను. ఎన్నికలకు ముందు వాలంటీర్లకు నెలకు 10,000 రూపాయలు ఇచ్చెదమని ఇప్పటి పాలక పక్షము వాగ్దానము చేసియుండెను. కాని 2024 జూలై 1వ తేదీన ఇంటింటికి పింఛనులు పంచినవారు సచివాలయ ఉద్యోగులు, వాలంటీర్లు కారు. వాలంటీర్ల గడువును పొడిగించు ఉత్తరువు 2023 ఆగస్టు తరువాత లేనేలేదని, లేని పదవిని కొనసాగించుట ఎట్లని ప్రభుత్వము కారణము చెప్పెను. రెండు తరగతులవారును ఒకే ప్రభుత్వము తీసికొన్నవారే. ఒకే గ్రామములో, ఒకే కప్పు క్రింద పని చేసినవారే. ప్రభుత్వము మారినపుడు పోస్టు ఉన్నవాడు నిలిచెను. గడువు మాత్రమే ఉన్నవాడు ఇంటికి పోయెను.

ప్రభుత్వము మారనవసరము లేకయే ఇట్టిది జరుగవచ్చుననుటకు తెలంగాణము సాక్ష్యము. అక్కడ ఉపాధి హామీ పనులు చూచు క్షేత్ర సహాయకులు, అనగా ఫీల్డ్ అసిస్టెంట్లు, 2020 మార్చి నెలలో తమ భద్రతను గూర్చియే సమ్మె చేసిరి. ప్రభుత్వము 7 వేలకు పైగా ఉన్న వారిని పనినుండి తొలగించెను. 2022 ఆగస్టులో ఆ ప్రభుత్వమే వారిని తిరిగి తీసికొనెను. నడుమ గడచిన రెండు సంవత్సరములకు పైగా కాలము ఆ కుటుంబములు ఎట్లు బ్రతికినవో వేరుగ వ్రాయనక్కరలేదు.

తాత్కాలికముగా చేరినవాడు పదేండ్లు పని చేసిన స్థిరపడునని మనవారిలో ఒక నమ్మకము ఉన్నది. 2006 ఏప్రిల్ 10వ తేదీన ఉమాదేవి వ్యాజ్యములో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఇచ్చిన తీర్పు దీనికి విరుద్ధము. నియమము ప్రకారము పోటీ జరుపక తాత్కాలికముగా తీసికొన్నవారికి స్థిరపరచుమని కోరు హక్కు లేదని ఆ తీర్పు సారాంశము. ఆ తీర్పును అడ్డుపెట్టుకొని, ఏండ్ల తరబడి నిత్యమైన పని చేయించుకొన్నవారిని అన్యాయము చేయరాదని 2024 డిసెంబరులో అదే న్యాయస్థానము చెప్పియున్నది. అయినను ఆ మేలు న్యాయస్థానమునకు పోయి, ఏండ్ల తరబడి వేచియుండిన పిదప వచ్చునదే.

మహారాష్ట్ర చూపిన దారి

మనమున్న రాష్ట్రము ఈ విషయమున దేశమునకే ఒక దారి చూపినదని మన పిల్లలకు చెప్పవలెను. 1970 నుండి 1973 వరకు మహారాష్ట్రమున ఘోరమైన కరవు వచ్చెను. విధాన పరిషత్తు అధ్యక్షులుగా ఉండిన శ్రీ వి. స. పాగే గారు, పని అడిగిన ప్రతి గ్రామీణునకు పని ఇచ్చుట ప్రభుత్వ ధర్మమని వాదించి, రోజ్‌గార్ హమీ యోజనకు రూపము కల్పించిరి. 1972 నుండి అది రాష్ట్రమంతట నడచెను. దానికి డబ్బు ఎక్కడనుండి వచ్చును? 1975లో వృత్తి పన్ను చట్టము చేసి, పట్టణములలో జీతము తీసికొనువారినుండి పన్ను వసూలు చేసి, ఆ ఆదాయమును గ్రామములలోని కూలీలకు ముడిపెట్టిరి. మా జీతములోనుండియు ప్రతి నెల ఆ పన్ను పోవుచుండును. దానిని చూచి మేమెన్నడును బాధపడలేదు.

తరువాత 1977లో దీనిని చట్టము చేసిరి. 1979 జనవరి 26వ తేదీ నుండి అది అమలులోకి వచ్చెను. పని ఇవ్వలేకపోయినచో నిరుద్యోగ భృతి చెల్లింపవలెనని ఆ చట్టములోనే వ్రాసిరి. భృతి మొత్తము చాల చిన్నది. అయినను ఇది దయ కాదు, హక్కు అను మాట అందు ఉన్నది. ఆ పిమ్మట ముంబయిలో ఎన్నో ప్రభుత్వములు మారినవి. ఆ చట్టమును రద్దుచేయుటకు ఏ ప్రభుత్వమును పూనుకొనలేదు.

ఇదే ఆలోచనను కేంద్రము 2005లో జాతీయ చట్టముగా చేసెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకమును ప్రారంభించిరి. మొదటి విడతలో తీసికొన్న 200 జిల్లాలలో మన గడ్చిరోలి యొకటి. ఆ చట్టము ప్రకారము గ్రామ పంచాయతీకి దరఖాస్తు ఇచ్చినచో తేదీ వేసిన రశీదు ఇవ్వవలెను. 15 రోజులలో పని చూపవలెను. చూపనిచో మొదటి 30 రోజులు కూలిలో నాలుగవ వంతునకు, ఆపైన సగమునకు తక్కువ కాకుండ భృతి చెల్లింపవలెను.

చట్టమున్నను ఎండిపోవచ్చును

అయితే చట్టము ఉన్నంతమాత్రమున అంతయు క్షేమమని తలంపరాదు. చెరువునకు గట్టు ఉండినను నీరు రాకపోవచ్చును. 1988లో మహారాష్ట్రమున కనీస వేతనము బాగుగా పెరిగెను. రోజ్‌గార్ హమీ కూలియు దానితో పెరిగెను. ఆ తరువాత పనిదినములు తగ్గినవని, అడిగినవారందరికి పని దొరకలేదని ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి వ్రాసిరి. చట్టములో ఒక్క అక్షరమును మారలేదు. క్రొత్త పనులు తెరచుట మాత్రము తగ్గెను.

చట్టములనే సవరించిన ఉదాహరణములును కలవు. ఇంగ్లండులో 1911లోనే నిరుద్యోగ బీమా చట్టము చేసి, కార్మికుడు, యజమాని, ప్రభుత్వము మువ్వురును వంతులు వేసికొని వారమునకు 7 షిల్లింగుల భృతి ఏర్పరచిరి. 1931లో ఆర్థిక సంక్షోభము వచ్చినపుడు, అప్పుడే ఏర్పడిన జాతీయ ప్రభుత్వము భృతిని నూటికి 10 వంతులు తగ్గించెను. దీర్ఘకాలము పనిలేనివారి ఇంటికి వచ్చి, ఇంటిల్లిపాది ఆదాయమును లెక్కించు పరీక్షయు పెట్టెను. 1934లో ఆ కోతను తీసివేసిరి. ధనిక దేశమున కూడ డబ్బు కొరత వచ్చినపుడు మొదట కత్తెర పడినది పనిలేనివాని భృతిపైననే.

మన దేశమునందును 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి ఉపాధి చట్టమునకు బదులుగా క్రొత్త చట్టమును ఆమోదించెను. అందు 100 రోజులకు మారుగా 125 రోజుల పని అని చెప్పిరి. పని ఇవ్వనిచో భృతి అను నియమమును ఉంచిరి. కాని సాధారణ రాష్ట్రములలో ఖర్చును కేంద్రము 60, రాష్ట్రము 40 వంతున పంచుకొనవలెను. పాత చట్టమున కూలి మొత్తమును కేంద్రమే భరించుచుండెను. వ్యవసాయపు పనులు ముమ్మరముగా ఉన్న కాలమున 60 రోజుల వరకు ఈ పనులను నిలుపుటకును వీలు కల్పించిరి. రోజులు పెరిగినవని ఒకరు, భారము రాష్ట్రములపై పడినదని మరియొకరు వాదించిరి. తల్లిదండ్రులు గ్రహింపవలసినది ఇంతే: ఇకమీదట పని దొరకుట రాష్ట్ర ప్రభుత్వపు బొక్కసముపై ఎక్కువగా ఆధారపడును. కావున రాష్ట్రమున ప్రభుత్వము మారినప్పుడెల్ల, ఆ సంవత్సరపు బడ్జెటులో ఈ పద్దునకు ఎంత వ్రాసిరో చూచుట మన పని.

మన ప్రాంతమున దీని ప్రాముఖ్యము అధికము. తునికాకు సేకరణ ఎండకాలమున కొద్ది వారములే. మిరపకాయ ఏరుటకు తెలంగాణమునకు పోవు కుటుంబములు పిల్లలను వెంట తీసికొనిపోవుదురు. అట్లు పోయిన నెలలలో మన తరగతి గదిలో బల్లలు ఖాళీగా ఉండును. ఊరిలో పని దొరకినచో ఆ బాలుడు బడిలో ఉండును. దొరకనిచో మిరప తోటలో ఉండును. కావున ఉపాధి చట్టము మాకు పరాయి విషయము కాదు. అది మా హాజరుపట్టీలో కనుపించు విషయము. విద్యార్థుల సంఖ్యను బట్టియే ఉపాధ్యాయుల పోస్టులు మంజూరగును గనుక, పిల్లలు తగ్గినచో తెలుగు ఉపాధ్యాయుని పోస్టును తగ్గును. పోయిన పోస్టును తిరిగి తెచ్చుకొనుట సులభము కాదు.

తల్లిదండ్రులు చేయదగినది

పిల్లవానికి ఒక పని వచ్చినదని తెలిసినపుడు ఐదు ప్రశ్నలు అడుగుడు. ఇది మంజూరైన పోస్టా, కాదా? పోటీ పరీక్ష జరిగినదా? ఇచ్చునది జీతమా, గౌరవ వేతనమా? గడువు ఎన్ని నెలలు? దీని వెనుక ఉన్నది చట్టమా, జి.ఆరా? కాగితము మరాఠీలో ఉన్నచో పాఠశాలకు తీసికొనిరండు. చదివి తెలుగున చెప్పుట మాకు భారము కాదు.

ఉపాధి పని కావలసినవారు నోటితో అడిగి ఊరకుండవలదు. వ్రాతమూలకముగా దరఖాస్తు ఇచ్చి, తేదీ వేయించి రశీదు తీసికొనుడు. రశీదు లేనిచో పని అడిగినట్లు ఋజువు లేదు. ఋజువు లేనిచో భృతియు లేదు. ఆ రశీదును రేషను కార్డుతో పాటు భద్రపరచుడు.

భృతి వచ్చుచున్నచో తీసికొనుడు. అది తప్పు కాదు, సిగ్గు కాదు. కాని ఇంటి అప్పును, పిల్లవాని చదువును దానిపై ఆనించవలదు. అది ఉన్న కాలమున ఒక విద్యనో వృత్తినో సంపాదించుకొనవలెను.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వత్తుము. ఆయన తెచ్చిన కాగితము 2024లో మహారాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించిన ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ యోజనకు సంబంధించినది. పన్నెండవ తరగతి చదివినవారికి నెలకు 6000, ఐ.టి.ఐ. లేక డిప్లొమా చదివినవారికి 8000, పట్టభద్రులకు 10,000 రూపాయలు; గడువు ఆరు నెలలు. ఆ గడువును తరువాత ఐదు నెలలు పొడిగించిరి. గడువు ముగిసినవారు తమను స్థిరపరచుమని పలుచోట్ల ఆందోళనలు చేసిరి. కాని అది శిక్షణయని మొదటినుండియు వ్రాసియే ఉన్నది.

మేము ఆయనకు ఇట్లు చెప్పితిమి: “ఇది నౌకరి కాదు, నేర్చుకొను పని. పిల్లవానిని పంపుడు, కాని చదువు మాన్పింపవలదు. బయటినుండి చదువు డిగ్రీకి పేరు వ్రాయించుడు. నెలకు కొంత తీసి ఫీజునకు దాచుడు. గడువు తీరునాటికి చేతిలో అనుభవపత్రము, పరీక్ష ఫలితము రెండును ఉండవలెను.” ఆయన కొంతసేపు ఆలోచించి, “అయితే తప్పక ఆగిపోతదన్నట్టేనా సారూ?” అనెను. అవునంటిమి. ఆ మాట చెప్పుటకు మాకు కష్టముగానే ఉండెను. ముందుగా చెప్పకపోయినచో ఆ కష్టము ఆరు నెలల పిదప ఆ పిల్లవానిపై పడియుండును.

ప్రభుత్వములు వచ్చును, పోవును. అది ప్రజారాజ్య లక్షణము. వాటితోపాటు పోవునదేదో, నిలుచునదేదో ముందుగా తెలిసికొని అడుగు వేయుట మన చేతిలోనిది. అందుకొరకే ఈ నాలుగు మాటలు వ్రాసితిమి. సందేహమున్న తల్లిదండ్రులు బడి వదలిన తరువాత ఎప్పుడైనను వచ్చి మమ్ము అడుగవచ్చును.